పాత బోరులో మోగిన సైకిల్ గంట

ఇది రాసి పెట్టాలి. ఎందుకంటే ఈ సంగతి ఇప్పటికే నా చేయి దాటిపోయింది. మొన్న లక్సెట్టిపేటలో చాయ్ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. పాప బోరులో పడిందట, కింద నుంచి ఎవరో ఎత్తి పైకి అందించారట. రెండో ఆయన, అదేం కాదు, ఆ మోటరు మెకానిక్కే గంట మోగించి జనాన్ని బెదిరించాడు అన్నాడు. ఆ మెకానిక్‌ను నేనే. చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చాను.

గ్రంథాలయం చూసుకునే రాజేశ్వరి మేడంకు చెప్పుకుంటే ఆమె ఒకటే మాట అన్నారు. "ప్రభుదాసూ, మాటలు రోజుకో తీరుగ మారుతయి. నువ్వు సూసింది నువ్వే రాయి. ఎక్కువ రాయకు, తక్కువ రాయకు."

అందుకే రాస్తున్నాను. నేను చర్చికి పోయే మనిషిని. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెప్తాను. ఊరి పేరు మాత్రం రాయను. పాప అసలు పేరు కూడా రాయను, చిన్ని అంటాను. రేపు బడికి పోవాల్సిన పిల్ల. 'బోరు పిల్ల' అన్న పేరు ఆమెకు వద్దు.

ముందు గంట సంగతి చెప్పాలి. లేకుంటే తర్వాతిది అర్థం కాదు.

నేను పదో తరగతి తప్పాను. బోరు మోటర్లు బాగు చేసి బతుకుతున్నాను. కానీ మా గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల అర మొత్తం చదివాను. కొన్ని రెండేసి సార్లు. ఇది గొప్పకు చెప్పడం లేదు... సరే, కొంచెం గొప్పకే అనుకోండి. వాటిలో ఒక పుస్తకంలో ఒక పేజీ ఉంది. మామూలు కెమెరా తన ముందున్నది మాత్రమే చూస్తుంది. దాని ఎదురుగా ఉబ్బెత్తు అద్దం పెడితే, చుట్టూ ఉన్న నాలుగు దిక్కులూ ఒక్క బొమ్మలో పడతాయి. శ్రీరాంపూర్ వైపు బొగ్గు లారీలు తిరిగే మలుపుల్లో గుండ్రని ఉబ్బెత్తు అద్దాలు పెడతారు చూడండి, అటు నుంచి వచ్చే బండి కనపడటానికి. అదే సూత్రం.

ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బోరుకున్న బాధ సరిగ్గా అదే. వైరు కెమెరాను దించితే అది కిందికే చూస్తుంది. కింద ఉండేది చీకటి. నీళ్లు వచ్చేది పక్క గోడల పగుళ్లలోంచి. ఆ గోడలను ఒకేసారి చుట్టూ చూడగలిగితే!

ఉబ్బెత్తు అద్దం కోసం ఇంట్లో గరిటెలన్నీ తిరగేశాను. మా ఇంటావిడ తిట్టింది. చివరికి పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒక సైకిల్ గంట దొరికింది. ఎవరి సైకిలుదో తెలియదు. పై గిన్నె విప్పి తుడిస్తే ముఖం కనిపించేలా మెరిసింది. దాన్ని మూడు సైకిల్ పుల్లలతో కెమెరాకు నాలుగు వేళ్ల దూరంలో కింద, ఉబ్బు పైకి ఉండేలా బిగించాను. కెమెరా గంటను చూస్తుంది. గంట గోడలను చూపిస్తుంది. ఫోనులో బొమ్మ గారెలా వస్తుంది. గారెకు చిల్లు ఉన్న చోట కెమెరా తన ముఖం తనే చూసుకుంటుంది. ఆ చిల్లు చుట్టూ ఉన్నదంతా బోరు గోడ. మూడు పుల్లలు మూడు నల్లగీతల్లా అడ్డం వస్తాయి, అంతే.

మా ఊరి రైతులు దాన్ని చూసి ఎంత నవ్వారో! మల్లేశ్ అని నా పక్కింటి వాడు, వాడైతే వారం రోజులు వదల్లేదు.

"ఏందన్నా, గీ గంట కొట్టి బోర్ల నీళ్లను నిద్ర లేపుతవా? మీ చర్చి గంట సాల్తలేదా?"

నవ్విన వాళ్లే తర్వాత పిలిచారు. మూడు నాలుగు బోర్లలో ఊట ఎక్కడుందో, పైపు ఎక్కడ పగిలిందో చూపించాను. అయితే ఒక్క సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. గంట వెనక ఏముందో ఆ కెమెరాకు కనపడదు. గంట వెనక అంటే... కింద. నాలుగు దిక్కులూ చూసే కన్ను అది. కిందికి మాత్రం గుడ్డిది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి.

పత్తి ఏరే రోజులు. రాత్రి ఎనిమిది దాటింది. అన్నం ముందు కూర్చున్నాను. మల్లేశ్ ఫోన్.

"ప్రభన్నా, నీ గంట కెమెరా పట్టుకొని జల్ది రా. లావణ్య బిడ్డ కనబడ్తలేదు."

"పిల్ల కనబడకపోతే కెమెరా ఎందుకురా?"

అటు నుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తర్వాత అన్నాడు.

"పాత బోరు మీద బండ లేదన్నా..."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

లావణ్య భర్త మస్కట్‌లో పని చేస్తాడు. ఇక్కడ ఆమె, ఆమె అత్త లసుమవ్వ, నాలుగేళ్ల చిన్ని. ఊరి బయట, చేను అంచునే వాళ్ల ఇల్లు. మూడేళ్ల కింద వాళ్లు వేయించిన మొదటి బోరు ఫెయిలైంది. బోరు ఫెయిలైతే మా దగ్గర ఒక పని చేస్తారు. లోపల దించిన పైపును గుంజి బయటికి తీసి ఇంకో బోరుకు వాడుకుంటారు. మిగిలేది ఉత్త రంధ్రం. దాని నోట్లో గోనె సంచి కుక్కి, మీద ఒక బండ పెట్టి, తర్వాత పూడుద్దాం అనుకుంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఆ బోరు పైపు గుంజింది ఎవరో తెలుసా? నేనే. తర్వాత పూడుద్దాం అన్నదీ నేనే.

బండి మీద ఎలా వెళ్లానో నాకు తెలియదు. వెళ్లేసరికి ఇరవై మంది దాకా ఉన్నారు. ఫోను లైట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాడకట్టు అంతా వెతికారు. కాలువ చూశారు. పోలీసులకు, ఫైరు వాళ్లకు ఫోను చేశారు, వస్తున్నారు. లావణ్య బోరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చూస్తోంది. నోరు తెరిచిన రంధ్రం... జానెడు వెడల్పు. గోనె సంచి కూడా లేదు. లోపల నలుపు.

లసుమవ్వ పత్తి పోసిన కొట్టం గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దుగూకినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదట. పిలిచినా పలకడం లేదు.

"అన్నా," అంది లావణ్య, "గది నాలుగు దిక్కులు సూస్తదంట గదా. సూడన్నా."

దించడం మొదలుపెట్టాను. తాడుకు పదేసి అడుగులకు ఒక ఎర్రగుడ్డ ముడి ఉంటుంది. మల్లేశ్ తాడు పట్టాడు, నేను వైరు, ఫోను. చుట్టూ తలలు వంగాయి. కెమెరాకు దాని లైటు ఉంది, ఫోను లైట్లు ఆర్పమన్నాను.

మొదటి ముడి. ఎర్రమట్టి గారె. సన్నని వేళ్లు. రెండో ముడి. మట్టి. ఎక్కడైనా గీసుకుపోయిన గుర్తు ఉందా... గుడ్డ పీలిక... చెప్పు... లేదు. మూడు. నల్లరాయి మొదలైంది. నాలుగు. ఐదు. రాయి, రాయి, రాయి. తాడు మల్లేశ్ అరచేతిలో జారుతున్న చప్పుడు ఒక్కటే. సర్... సర్... సర్...

ఏడో ముడి.

"ఏమన్న కనబడ్డదా అన్నా?"

"లేదు చెల్లె. నాలుగు దిక్కులు ఖాళీ."

నిజం చెప్తున్నాను, ఆ మాట అన్నప్పుడు లోపల ఎక్కడో గర్వపడ్డాను. నా కెమెరా చెప్పింది, పిల్ల లేదు అని. అంతలో మల్లేశ్ అన్నాడు.

"అన్నా, తాడు వదులైంది."

గంట అడుక్కు తగిలింది. రాయికి తగిలితే అది మోగుతుంది. ఇంతకు ముందు ప్రతి బోరులోనూ మోగింది. ఇప్పుడు మోగలేదు. మెత్తగా... దిండు మీద ఆనినట్టు ఆగింది.

అప్పుడు తట్టింది. కింద ఏముందో ఈ కెమెరా చూడలేదు. పిల్ల పడితే ఉండేది పక్కన కాదు... కింద. నేను ఇంతసేపూ ఆ ఇనుప గిన్నెను కళ్లు మూసుకుని ఒక పసిపిల్ల నెత్తి మీదికి దించుతున్నాను.

"పైకి లాగు," అన్నాను మెల్లగా. "ఒక్క బార లాగి ఆపు."

లాగాడు. గంట ఊగుతోంది. ఫోనులో గారె అటూ ఇటూ కదిలింది. తర్వాత మెల్లగా... మెల్లగా... నిలిచింది. చుట్టూ నల్లరాయి. గంటకూ రాయికీ మధ్య అన్ని వైపులా ఎడం కనిపిస్తోంది. ఏదీ దాన్ని తాకడం లేదు. ఏదీ కదలడం లేదు.

టింగ్.

చిన్న చప్పుడు. గోరుతో గిన్నెను మీటినట్టు. బోరు నోటి నుంచి పైకి వచ్చింది. మొదట నా చెవే అనుకున్నాను. కానీ మల్లేశ్ తల ఎత్తి నా వైపు చూశాడు. వాడి కళ్లు... ఆ కళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

లావణ్య బోరు మీద పడిపోయింది. నోరు రంధ్రానికి ఆనించి పిలిచింది.

"చిన్నీ!"

పిలుపు లోపలికి పోయింది. దిగిపోతూ, దిగిపోతూ, సన్నబడి... ఆగింది.

టింగ్.

నేను ఫోను చూస్తున్నాను. రెప్ప వేయలేదు. బొమ్మలో రాయి తప్ప ఏమీ లేదు. పక్క నుంచి తాకితే కనపడాలి. పై నుంచి ఏదైనా రాలితే ముందు కెమెరాకు తగలాలి. మూడు పుల్లలు మూడు గీతలు, ఉన్నచోటే ఉన్నాయి. గంట కదలలేదు. మోగింది.

మిగిలింది ఒక్కటే దిక్కు.

"చిన్నీ... నా బిడ్డా... అమ్మనే!"

ఈసారి కొంచెం ఆలస్యమైంది. ఒకటి... రెండు... మూడు అని లెక్కపెట్టుకున్నాను. దూరంగా ఎక్కడో కుక్క మొరిగి ఆగింది.

టింగ్.

"బతికున్నది! నా బిడ్డ బతికున్నది!"

ఒక్కసారిగా అందరూ అరవడం మొదలుపెట్టారు. జేసీబీ అంటాడొకడు, పాలు దించుదాం అంటాడొకడు. నేను "అందరు ఎనుకకు జరగండి, మన్ను రాలుతది" అని అరుస్తున్నాను. గంట తీసేసి ఉత్త కెమెరాను దించాలి. కింద చూడాలి. మల్లేశ్ తాడు లాగుతున్నాడు.

అప్పుడు లసుమవ్వ లేచింది.

గంట మోగేదాకా ఆమె రాయిలా కూర్చుంది. ఇప్పుడు లేచి వచ్చి కోడలి ముందు నిలబడింది.

"బండ నేనే తీసిన బిడ్డా."

ఎవరికీ అర్థం కాలేదు.

"మాపటీలి గాలి దుమారం లేసె. కొట్టంల పత్తి మీది పట్టా ఎగురబట్టె. దగ్గర ఇంకో రాయి దొరుకలే. బోరు మీది బండ తెచ్చి పట్టా మీద పెట్టిన. మల్ల పెడుదమనుకున్న... మర్సిపోయిన. ఈ పాపిష్ఠి చేతులతోని నేనే తీసిన."

లావణ్య ఆమెను చూసింది. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

"గింత మంది తొక్కుతుండ్రు. బిడ్డ మీద మన్ను పడుతది," అంది లసుమవ్వ. "నేను బోయి బండ తెస్త. మూస్త."

"ఓ అవ్వా! పిల్ల లోపలుంటే ఇప్పుడు మూసుడేందే!" అన్నాడు మల్లేశ్.

ఆమె వినలేదు. పాపం, మతి పోయింది అనుకున్నాం. ఆపడానికి ఎవరికీ చేతులు ఖాళీ లేవు. చీకట్లో తూలుకుంటూ కొట్టంలోకి పోయింది. కెమెరా పైకి వచ్చింది. నేను కూర్చుని గంట నట్లు విప్పుతున్నాను. తొందరలో పానా రెండుసార్లు జారింది.

కొట్టంలోంచి కేక.

అది ఏడుపు కేకో, ఇంకే కేకో తెలియలేదు. పరిగెత్తాం. లైట్లు వేశాం.

బండ కింద పడి ఉంది. టార్పాలిన్ పట్టా సగం జారి ఉంది. పత్తి కుప్ప ఒక వైపు కూలి ఉంది. ఆ తెల్లని దాంట్లోంచి... ఒక చిన్న పాదం. పాదానికి వెండి పట్టీ.

లసుమవ్వ రెండు చేతులతో పత్తి తోడుతోంది, కుక్క మట్టి తవ్వినట్టు. మల్లేశ్ దూకాడు. లాగాం. వచ్చింది. తల నుంచి కాళ్ల దాకా పత్తి. కనురెప్పల మీద పత్తి. ముఖం ఎర్రగా కమిలి, ఒళ్లు చెమటకు తడిసి... కదలడం లేదు. లావణ్య ముక్కు దగ్గర పత్తి లాగేసింది. వీపు మీద చరిచింది. ఒకసారి. రెండుసార్లు.

పిల్ల తుమ్మింది.

మళ్లీ తుమ్మింది. కళ్లు తెరిచి ఇంత మందిని చూసి, నాయనమ్మ లసుమవ్వ కొంగు పట్టుకుని అడిగింది.

"బాపమ్మా... నేను అవుటా?"

బాపమ్మతో దాగుడుమూతలు ఆడదామని తనంతట తానే దాక్కుందట. పట్టా కిందికి దూరింది. పత్తిలో కూరుకుపోయింది. పిలిచిందో, పిలిచి సొమ్మసిల్లిందో, నిద్రే పోయిందో, ఆమెకే తెలియదు. కుప్ప మీద కప్పిన పట్టా చెక్కు చెదరకుండా ఉంది కదా అని ఎవరూ దాన్ని ఎత్తి చూడలేదు. అందరి కళ్లూ ఆ నల్ల రంధ్రం మీదే ఉన్నాయి.

మా ఊరి ఏఎన్ఎం నర్సు స్వరూప పరుగున వచ్చి చూసింది. ముక్కులో, గొంతులో నూగు తీసింది. "పట్టా కింద గాలి ఆడలే. ఇంకొంచెం ఆలిశమైతే ఏమైతుండెనో నేను చెప్పలేను," అంది.

ఆ మాటతో నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. నాకు నవ్వు వస్తోంది, కన్నీళ్లు వస్తున్నాయి. మల్లేశ్ కొట్టం గుంజ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే లావణ్య ఫోను మోగింది. మస్కట్ నుంచి రోజూ వచ్చే వీడియో కాల్. ఆమె ఫోను పాప వైపు తిప్పింది.

"ఏందే గిది, బిడ్డకు పత్తి పూసిండ్రు?" అన్నాడు అతను నవ్వుతూ. "పత్తి ధరకు బిడ్డను గూడ తూకం ఏస్తరా ఏంది?"

అందరం నవ్వాం. గట్టిగా, ఆగకుండా, పిచ్చి పట్టినట్టు నవ్వాం. అతనికి ఏమీ తెలియదు పాపం. ఆ నవ్వుల మధ్యే లావణ్య అత్తను పట్టుకుంది. ఆ ముసలామె తల తన భుజం మీద ఆనించుకుంది. "ఫికర్ చెయ్యకు అత్తమ్మా, దొరికింది గదా," అంది. అంతే.

నవ్వు ఆగాక ఎవరో అన్నారు. ఎవరో గుర్తు లేదు.

"మరి... గంట?"

అందరి తలలూ బోరు వైపు తిరిగాయి.

పోలీసులు, ఫైరు వాళ్లు వచ్చాక, వాళ్ల ముందే, గంట లేకుండా ఉత్త కెమెరా దించాను. అడుగున గోనె సంచి ఉంది. బండ తీసినప్పుడు జారిపోయిన సంచి. మెత్తగా తగిలింది అదే. ఆ సంగతి తేలింది. సంచి పక్కన కప్ప లేదు. పాము లేదు. తడి కూడా లేదు. ఏమీ లేదు.

తర్వాత చాలా ఆలోచించాను. గ్రంథాలయంలో శబ్దం మీద ఉన్న పుస్తకాలన్నీ తీశాను. లోహం వేడెక్కి చల్లారితే చప్పుడు చేస్తుంది, నిజమే. ఇంట్లో ఒక పైపులో గంటను వేలాడదీసి, కెమెరా లైటు వేసి రాత్రంతా కూర్చున్నాను. ఒకసారి 'టిక్' మంది. 'టింగ్' అనలేదు. తల్లి పిలిచినప్పుడల్లా, మూడుసార్లు, ఆగి ఆగి... అనలేదు. ఇంకో సంగతి. ఆ రాత్రి గంట సంచికి ఒక బార పైన ఉంది. అంటే దాదాపు ఆరు అడుగులు. చిన్ని నిజంగా అక్కడ ఉండి చెయ్యి చాచినా అందదు. ఇది నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. ఆ రోజు దీపం ఆర్పకుండా పడుకున్నాను.

ఇంకా ఒకటి ఉంది. చెప్పాలా వద్దా అనుకున్నాను. ఎక్కువ రాయకు, తక్కువ రాయకు అన్నారు కదా మేడం. గంట లోపలి వైపు తుప్పు నేను గీకలేదు. కనపడని వైపు ఎవరు గీకుతారు? ఆ రాత్రి తర్వాత చూస్తే అక్కడ బొటనవేలంత మేర తుప్పు పోయి మెరుస్తోంది. నట్లు విప్పుతున్నప్పుడు నా పానాయే జారి గీసిందేమో. అయి ఉండవచ్చు. నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరుతో మట్టి తెప్పించి బోరు పూడ్చాం. పోయబోయే ముందు నేను ఒక్కడినే వంగి చెవి పెట్టి విన్నాను. ఏ చప్పుడూ లేదు. నేను పైపు గుంజిన బోర్లన్నీ ఒకటొకటిగా గుర్తు తెచ్చుకుని, ఆ నెలలోనే వాటినీ పూడిపించాను. చిన్ని ఇప్పుడు నన్ను చూస్తే "గంట మామా" అంటుంది. భయం ఉంది, లేదనను. కానీ ఆ పిల్ల అలా పిలిచినప్పుడు వచ్చే నెమ్మది ముందు ఆ భయం చాలా చిన్నది.

తాడు వదలకుండా పట్టిన మల్లేశ్‌కు నమస్కారం. పరుగున వచ్చిన స్వరూప చెల్లెకు, తెల్లవారకముందే ట్రాక్టరు తెచ్చిన సత్తన్నకు, ఆ గంట నాకు ఇచ్చిన ఇనుప కొట్టు సలీం భాయ్‌కి, ఇది రాయించిన రాజేశ్వరి మేడంకు నమస్కారం. అంత మందిలో తన తప్పు తానే చెప్పుకుని, బండ కోసం లేచి వెళ్లిన లసుమవ్వ కాళ్లకు నమస్కారం.

ఇంకొకరు ఉన్నారు. వాళ్ల పేరు నాకు తెలియదు. ఉన్నారో లేదో కూడా తెలియదు. ఒక తల్లి మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ పలికారు. ఆ పలుకు వినకుంటే లసుమవ్వ లేచేది కాదు, ఆ పట్టా ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. వాళ్లకు కూడా నమస్కారం.

మర్నాడు మీ మీద మట్టి పోసిందీ మేమే. మన్నించండి.